తడి పొట్టతో వచ్చే పిట్ట

పోయిన నెల మా మేనత్త కన్నుమూసింది. పాల్వంచలో షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. మీలో ఎవరైనా వేసవిలో పర్ణశాల దారిలో పుచ్చకాయ కొనుక్కుని తిని ఉంటే, అది అత్త పండించిందే కావచ్చు.

నీళ్లు తగ్గాక గోదావరి ఇసుకలో అత్త పుచ్చ పాదులు పెట్టేది. అదే ఇసుకలో నల్లతల, పసుపు ముక్కు ఉన్న నది పిట్టలు గుడ్లు పెట్టేవి. ఆ దరిదాపుల్లో అత్త ఒక్క గింజ కూడా నాటేది కాదు. ఎండ మండే వేళ పిట్ట నీళ్లలో పొట్ట తడుపుకుని వచ్చి గుడ్లు చల్లబడేలా వాటి మీద కూర్చుంటే, నాకు చూపించి మురిసిపోయేది.

ఒక ఏడు జంటలో ఒక పిట్ట చచ్చిపోయింది. మిగిలినది చేపకు పోతే పిల్ల మీదికి కాకులొస్తాయి, పోకపోతే పిల్లకు తిండి లేదు. అత్త జాలిపడి పిల్ల పక్కన రెండు చేపలు పెట్టింది. వాటి కోసం కాకులే దిగాయి. పరుగున వెళ్లి తరిమింది కాబట్టి పిల్ల దక్కింది.

“దగ్గరికి పోయి పెట్టుడు గాదు బిడ్డా, దూరముండి కాయాలె” అంది.

అప్పటినుంచి పాదుల దగ్గర వేసుకున్న పాక ముందు కర్ర పట్టుకుని కూర్చునేది. పిట్ట లేవగానే “పోయిరా తల్లీ, నేను సూస్త” అనేది.

“దానికి తెలుగొస్తదా అత్తా?”

“నీకంటే మంచిగొస్తది.”

పాయలు ఎండేకొద్దీ ఆ పిట్ట ఇంకా దూరం పోయి చేప తెచ్చేది. పిల్లకు రెక్కలొచ్చేసరికి తను చిక్కి సగమైంది. “దొరికిందంతా పిల్లకే పెట్టింది, సూడు” అంది అత్త. అప్పటికి అత్త రవిక కూడా వదులైంది. నాకు తల్లి లేదు, అత్తకు భర్త లేడు. పక్కింటి ముస్లిం పెద్దావిడను ఖాలా అనేవాళ్లం. నన్ను ఆమెకు అప్పగించి అత్త మిర్చి కోతకు పోయేది. “ఖాలా సూడకపోతే నేను కూలికెట్ల పోదును?” అని చివరిదాకా తలుచుకునేది.

పోవడానికి రెండు రోజుల ముందు దవాఖానాలో అత్త చేయి పట్టుకుంటే పుల్లలా తగిలింది. నాకు ఏడుపు ఆగలేదు.

“నా కాడేం పని? ఈ ఏడు గూడ ఒక పిట్ట ఒంటిగున్నది. కాకులొస్తయ్, పో” అంది. ఖాలా కొడుకు కాస్తున్నాడని చెప్పాక నిమ్మళంగా పడుకుంది.

కర్మలయ్యాక ఇసుకలోకి వెళ్లాను. అత్త కర్ర పాకకే ఆనించి ఉంది. తీసుకుని కూర్చున్నాను. పిట్ట నన్ను చూస్తూ చాలాసేపు కదల్లేదు.

“పోయిరా తల్లీ, నేను సూస్త” అన్నాను.

అది లేచి పాయ వైపు వెళ్లింది. పిల్ల ఎండలో నోరు తెరుచుకుని ఉంది. ఒక కాకి చుట్టూ తిరిగి, కర్ర ఎత్తగానే పోయింది. కాసేపటికి పిట్ట చిన్న చేపతో వచ్చి వాలింది. దాని పొట్ట నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.