మెట్ల మీద టీ

నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మేం న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్ దగ్గర జాన్సన్‌విల్‌లో ఉండేవాళ్ళం. ఒక టర్మ్‌లో మా క్లాసుకి ఒక బేస్‌బాల్ ఆటగాడి జీవితకథ పాఠంగా వచ్చింది. అమెరికాలో తెల్లవాళ్ళే ఆడే పెద్ద జట్లలోకి మొదట అడుగుపెట్టిన నల్లజాతి మనిషి ఆయన. ఆ కథలోని కష్టమైన మాటలు నేర్చుకుని, ఒక్కొక్కరం ఒక్కో మాటని సోమవారం క్లాసు ముందు నిలబడి వివరించాలి. నా వంతుకి సెగ్రిగేషన్ అనే మాట వచ్చింది.

మా ఇంట్లో చదువంటే బట్టీయే. బేస్‌బాల్ కూడా ఒక రకం క్రికెట్టేనని తేల్చేసి నాన్న టీవీ ముందు కూర్చున్నాడు. కొన్నాళ్ళు మాతో ఉందామని గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మకి ఇంగ్లిష్ రాకపోయినా, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని గడగడా అప్పజెప్పించింది. వేరుగా ఉంచడం అని అర్థం. తెల్లబట్టలూ రంగుబట్టలూ విడివిడిగా ఉతకడం ఉదాహరణ. ఆ ఉదాహరణ అమ్మ చెప్పింది. నాకూ అది బాగానే ఉందనిపించింది.

ఆ ఆదివారం పక్కింటి తెలుగు అంకుల్ టీకి వచ్చారు. నాన్నతో కలిసి రోజూ రైల్లో ఆఫీసుకి వెళ్ళేవారు. నన్ను సాఫ్ట్‌బాల్ ప్రాక్టీసుకి తన కార్లో దింపేవారు. అమ్మమ్మకీ ఆయనంటే ఇష్టమే గానీ, వచ్చినప్పుడల్లా ఇంటిపేరేంటి, ఎవరి తాలూకు అని ఆరా తీసేది. ఆయన నవ్వి మాట మార్చేసేవారు. ఎందుకు మారుస్తున్నారో నాకు అర్థమయ్యేది కాదు.

అమ్మమ్మ నన్ను ఆయన ముందు కూడా అప్పజెప్పమంది. బట్టల ఉదాహరణని అంకుల్ చివరిదాకా విన్నారు. తర్వాత తన కప్పు పట్టుకుని లేచి, బయటికి వెళ్ళి పెరటి మెట్ల మీద కూర్చున్నారు. అక్కడి గాలికి బయట నిలబడటమే కష్టం. నేనూ వెనకాలే వెళ్ళాను. ఆయన టీ తాగి, తోటలో కుళాయి దగ్గర కప్పు తనే కడిగి, ఇంట్లోకి తేకుండా కంచె గుంజ మీద బోర్లించారు.

"మా ఊరి టీ కొట్టు దగ్గర మా గ్లాసులు ఇట్టా బయటే ఉండేవి తల్లీ. లోపల కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. తాగి మేమే కడిగి పెట్టాలి. నీ మాటకి అర్థం అది."

ఆయన గొంతులో కోపం లేదు. కిటికీ దగ్గర నిలబడి అమ్మమ్మ అంతా విన్నది. ఇన్నాళ్ళూ అడిగిన ప్రశ్నకి ఆమెకి జవాబు దొరికింది. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ చప్పుడు అంకుల్‌కీ వినబడింది. ఇక ఆయన మా ఇంటికి రారేమోనని నాకు భయం వేసింది.

ఇంతలో, వంటింట్లోంచి అంతా విన్న అమ్మ బయటికి వచ్చింది. గుంజ మీది కప్పు తీసుకుని, అందులోనే తనకి టీ పోసుకుని వచ్చి, ఆయన పక్కన మెట్టు మీద కూర్చుని తాగింది.

"లోపలికి రండి అన్నయ్యా, చలిగా ఉంది," అంది.

ఆయన లోపలికి వచ్చారు. ఆ తర్వాతి ఆదివారాలు కూడా వచ్చారు. అమ్మమ్మ మాత్రం ఉన్నన్నాళ్ళూ ఆదివారం టీ తన గదిలోనే తాగింది. నాన్న ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

సోమవారం క్లాసులో నేను బట్టల సంగతి చెప్పలేదు, కప్పు సంగతి చెప్పాను. ఇది ఎక్కడ జరిగిందని టీచర్ అడిగింది. ఇండియాలో అని అనబోయి, మా ఇంట్లో అన్నాను.

ఇన్నేళ్ళయినా అలాంటి మాట ఏది విన్నా నేను దాని అర్థాన్ని ముందు మా ఇంట్లోనే వెతుక్కుంటాను. అమ్మమ్మంటే నాకు ఇప్పటికీ ప్రాణం, అందుకే అది అంత తేలిక కాదు.