ఆకుపచ్చ రంగు వెయ్యని గది

షామ్‌బర్గ్ నుంచి షికాగో వెళ్లే రైల్లో నా పక్కనావిడ ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఒక భవనం ప్లాన్‌కి రంగులు వేస్తోంది. తెలుగావిడే. మాటల్లో, స్కూళ్లకి డిజిటల్ మ్యాపులు తయారుచెయ్యడం తన ఉద్యోగమని చెప్పింది. మనవాళ్లం కదా, ఉండబట్టలేక అడిగేశాను.

"మేం ఇల్లు కొందామనుకుంటున్నామండీ. ఏ స్కూల్ మంచిదంటారు?"

"రేటింగ్స్ నాకు తెలియవండీ. ఈ మ్యాపులు పోలీసులకి. ఎవడైనా గన్‌తో లోపలికొస్తే వాళ్లకి దారి తెలియాలి కదా."

ప్రతి తరగతి గదిలోనూ, తలుపు దగ్గర నిలబడినవాడికి కనబడని మూలకి ఆకుపచ్చ రంగు వెయ్యాలట. పిల్లలు దాక్కోవలసింది అక్కడే.

తర్వాతి గది తెరిచింది. తెర మీద బాణం గుర్తు గోడల వెంట నెమ్మదిగా తిరిగి, ఒకచోట ఆగిపోయింది.

"కొత్తగా కట్టిన స్కూళ్లలో అన్నీ గాజు గోడలే. మూల దొరకదు," అంది. ఆ గదికి రంగు వెయ్యకుండానే పక్కదానికి వెళ్లిపోయింది.

మేం మంచి రేటింగ్ ఉన్న స్కూల్ దగ్గరే ఇల్లు కొన్నాం. పాప క్లాస్ చూడ్డానికి వెళ్లిన రోజు మావారు గాజు గోడల ముందు ఆగి, "వెలుతురు బాగా వస్తోంది కదూ," అన్నారు.

బాగానే వస్తోందన్నాను.