చాలనిపించే చోటు

గూళూరు గంగాధరప్ప ఇరవై రెండేండ్లు బోరుబండి మీద పని చేసినాడు. బాగేపల్లి, చింతామణి చుట్టుపక్కల ఆయన చేత్తో బోరు దిగని ఊరు తక్కువ. కంప్రెసర్ మోతలో పక్కమనిషి మాట వినిపించేది కాదు, పనంతా సైగలతోనే. చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లను చూసి ఆయన నవ్వేవాడు.

నాలుగేండ్ల కిందట కుడి చెవిలో ఈల మొదలైంది. తర్వాత ఎడమ చెవిలోనూ. బండి పని మానేసినా ఈల మానలేదు. అది చాలదన్నట్టు బయటి చప్పుళ్లు గుచ్చుకోసాగినాయి. అన్నం తినే తట్ట కిందపెడితే పళ్లు జివ్వుమనేవి. భార్య హనుమక్క స్టీలు తట్టలు అటకెక్కించి ప్లాస్టిక్‌వి తెచ్చింది. ఆయన పెళ్లిళ్లకు, జాతర్లకు పోవడం మానేశాడు. ఆమె కోలాటం పాట ఎత్తుకుంటే ఏమీ చెప్పకుండా లేచి చేని దిక్కు పోయేవాడు. కొన్నాళ్లకు ఆమె పాడటమే మానుకుంది. ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

పోయినేడు హనుమక్క పట్టుబట్టి ఆయనను చిక్కబళ్లాపురంలో వినికిడి పరీక్షలు చేసే ఆశా మేడమ్ దగ్గరికి తీసుకుపోయింది. ఆశా ఆయనకు హెడ్‌ఫోన్ తగిలించి చెప్పింది.

“అప్పా, శబ్దం కొంచెం కొంచెంగా పెంచుతాను. ఇంక వద్దు అనిపిస్తే చెయ్యెత్తండి.”

శబ్దం పెరిగింది. గంగాధరప్ప చెయ్యెత్తలేదు. ఇంకా పెరిగింది. కుర్చీని పట్టుకున్న వేళ్లు తెల్లబడినాయి, కండ్లలో నీళ్లు తిరిగినాయి. ఆశా గబుక్కున ఆపేసింది.

“ఎందుకప్పా చెయ్యెత్తలేదు?”

“ఓర్చుకుంటినమ్మా. ఇంకా ఓర్చుకుంటా.”

“మీ ఓర్పును కాదప్పా నేను కొలిచేది. మీకు చాలు అనిపించే చోటు యాడ ఉండాదో, అది కావాల నాకు.”

ఆ మాట ఆయనకు కొత్తగా ఉండింది. బండి మీద చాలు అన్నవాణ్ని మరునాడు పిలిచేవాళ్లు కాదు. రెండోసారి కండ్లు మూసుకుని విన్నాడు. మొదటిసారికన్నా చాలా ముందే చెయ్యి లేచింది. డెబ్బై డెసిబెల్. మామూలు మనుషులు తొంభై దాకా తట్టుకుంటారని ఆశా చెప్పింది. తర్వాత ఒక కాగితం తీసి, చప్పుడుకు కోపమొస్తుందా, బయటికి పోవడం తగ్గించారా అని ఒక్కొక్కటే అడిగింది. చివర్న, “చప్పుడుకు భయపడి వదులుకున్న వాటిలో మీకు ఎక్కువగా గుర్తొచ్చేది ఏది?” అంది.

గంగాధరప్ప భార్య దిక్కు చూశాడు.

“ఈమె పాట” అన్నాడు.

వెనక స్టూలు మీద కూర్చున్న హనుమక్క ముందుకు వంగింది. “నా పాట నీకు చేదైపాయనేమో అనుకుంటిని కదప్పా ఇన్నాళ్లూ!”

“నీ ముందర చెవులు మూసుకోలేక లేచి పోతాంటిని.”

ఆశా కాగితం పక్కన పెట్టింది. ఆనక సన్నని వానజల్లు లాంటి చప్పుడు చేసే చిన్న మిషన్ చెవికి తగిలించి, దూది పెట్టుకుంటే చప్పుళ్లు ఇంకా గుచ్చుకుంటాయి, ఇంట్లో పెట్టుకోవద్దని చెప్పి పంపింది. ఎనిమిది నెలలకు ఆయన చెయ్యెత్తే అంకె ఎనభైకి వచ్చింది. ఈల పోలేదు. పోతుందని ఆశా కూడా చెప్పలేదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తూ హనుమక్క సన్నగా పాడుతుంది. ఆయన పక్కనే కూర్చుని వింటాడు. కానీ ఆయన మనసు కోరేది ఈ పాట కాదు. పరగోడు జాతరలో ఇరవైమంది ఆడోళ్ల కోలాటం కోలల మోతను దాటుకుని వచ్చిన ఆమె ఆనాటి గొంతు.

“ఇంకొంచెం పైకి ఎత్తుకో. నాకేం కాదు” అన్నాడు ఒకనాడు.

ఆమె ఎత్తుకుంది. చరణం సగంలో గొంతు జీరబోయింది.

“ఇన్నేండ్లు మూసిపెడితిని గదా, పైకి అందడం లేదప్పా” అని నవ్వబోయి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

గంగాధరప్ప గుప్పెడు కాయలు తన ముందుకు లాక్కున్నాడు. “అందినకాడికే పాడు” అన్నాడు.