పిడి విరిగిన కప్పు

మొన్న నారాయణఖేడ్‌లో చుట్టాలింటికి వెళ్తే, వంటింటి కిటికీలో పనామె కోసం విడిగా పెట్టిన స్టీలు గ్లాసు కనిపించింది. నా చేతిలో ఉన్న చాయ్ కింద పెట్టేశాను.

ఎనభైల్లో పెరిగినవాళ్లు చెప్పండి, మీ పశువుల కొట్టంలోనూ గోడగూట్లో ఓ పిడి విరిగిన పింగాణీ కప్పు ఉండేది కదా? మా ఇంట్లో అది మంత్రసాని సాయవ్వది. మా తమ్ముడు పుట్టిన పొద్దున బొడ్డు కోసింది ఆమె, నెత్తురు కడిగింది ఆమె. అంతా అయ్యాక నాయనమ్మ ఆమెను కొట్టంలో కూర్చోబెట్టి, పేడ కంపులో, ఈగల మధ్య, ఆ కప్పులోకి ఎత్తు నుంచి చాయ్ పోసింది. తర్వాత లోపలికెళ్లి మంచం మీద, గడప మీద పసుపునీళ్లు చల్లింది. రోత ఏంటంటే, పసివాడి మీద కూడా చల్లింది. వాడు గుక్కపెట్టి ఏడ్చాడు.

ఆ ఏడుపు విని సాయవ్వ కప్పు కింద పెట్టింది. వాకిట్లో ఉన్న తాతను అడిగింది. "పటేలా, నువ్వు పుట్టినప్పుడు మా అవ్వ చేతులనే పడ్డవు. గా మైల ఇంకా పోలేదా ఏంది?"

తాత మీసం దువ్వుతూ నవ్వాడు. "మా పెద్దలు గప్పుడే పసుపునీళ్లు చల్లిండ్రు తియ్. మేము మేమే, మీరు మీరే."

తర్వాత మా చెల్లి అమ్మ కడుపులో అడ్డం తిరిగినప్పుడు ఆ తాతే చెప్పులు కూడా లేకుండా సాయవ్వ గుడిసెకు ఉరికాడు. "సాయవ్వా, నీ కాళ్లు మొక్కుతా, జల్దీ రావే!"

ఆమె వచ్చింది. తల్లినీ బిడ్డనూ దక్కించింది.

ఆ రోజూ చాయ్ ఆ కప్పులోనే పోశారు.