భార్య అనే గడిలో నా పేరు

ఆసుపత్రి ఆవరణలో గ్యాసు మాస్కులు పంచిన రోజు నాకు పూసగుచ్చినట్టు గుర్తుంది. అవన్నీ ఇంకా మనసులో ఎందుకు పెట్టుకుంటావని చాలామంది అడిగారు. పెట్టుకుంటాను. ఎవరో ఒకరు పెట్టుకోకపోతే అసలేమీ జరగలేదని చెప్పేస్తారు.

సౌదీలో ఖతీఫ్ దగ్గర ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మా ఆవిడ నర్సు. మా పెళ్ళయిన రెండో ఏడు, తెనాలిలో ఉండగా ఆమెకు ఆ ఉద్యోగం వచ్చింది. పెళ్ళయిన నర్సు వెంట భర్త రావచ్చని, వస్తే మంచిదని ఒప్పంద కాగితంలో వాళ్ళే రాశారు. అలా వెళ్ళాను. నా ఇకామాలో, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి పుస్తకంలో, వృత్తి అన్నచోట ‘మురాఫిక్’ అని ఉండేది. వెంట వచ్చినవాడు అని అర్థం. దాని కింద పని చేయకూడదని ఇంకో ముద్ర. ఊళ్ళో నేను రేడియోలు బాగుచేసేవాణ్ణి. అక్కడ క్వార్టర్లో వంట చేసి, బట్టలుతికి, డ్యూటీ దిగి వచ్చిన మనిషికి వేడిగా వడ్డించేవాణ్ణి. అందులో నాకు నామోషీ లేదు. నా కోపమంతా గరిటె పట్టుకోవాల్సి వచ్చినందుకే అనుకున్నవాళ్ళు కొందరున్నారు కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

కువైట్‌లోకి ఇరాక్ సైన్యం దిగాక మా వైపు భయం మొదలైంది. యుద్ధం రేపో మాపో అన్నప్పుడు ఆసుపత్రి ఉద్యోగులకు, వాళ్ళ కుటుంబాలకు మాస్కులు ఇస్తామన్నారు. మగవాళ్ళ వరస ఒకటి, ఆడవాళ్ళ వరస ఒకటి. నా ముందు నిలబడ్డ ఈజిప్టు ఫార్మసిస్టు తనకు, భార్యకు, నలుగురు పిల్లలకు ఆరు మాస్కులు తీసుకుని, డబ్బాలు చంకలో పట్టకపోతే రెండు నాకు ఇచ్చి కారుదాకా మోయించాడు. తిరిగొచ్చేసరికి నా వంతు వచ్చింది. జాబితాలో నా పేరు లేదన్నారు. అటు వరసలో మా ఆవిడకు ఒకటే ఇచ్చారు. భర్తకు అని ఆమె అడిగితే, మగవాడికి అతని ఆఫీసువాళ్ళే ఇస్తారు అన్నారట. నాకు ఆఫీసెక్కడిది? నన్ను ఆ దేశానికి రప్పించిన కఫీలు, అంటే నా పూచీదారు, ఆ ఆసుపత్రే.

యుద్ధం జరిగినన్నాళ్ళూ సైరన్ మోగినప్పుడల్లా ఆమె వార్డులో మాస్కు పెట్టుకుని రోగుల దగ్గర ఉండేది. నేను క్వార్టర్లో తలుపు కింద తడిగుడ్డలు కుక్కి, ముఖానికి తడి తువ్వాలు చుట్టుకుని స్నానాలగదిలో కూర్చునేవాణ్ణి. మాస్కు నాకు వదిలి వెళతానని ఆమె రెండుసార్లు పోట్లాడింది. పుచ్చుకోలేదు. గ్యాసు రాలేదు, నిజమే. కానీ రాదని ఆ రోజు జాబితా రాసినవాడికి తెలుసా?

యుద్ధం ముగిసింది. కువైట్ నూనెబావులు మండుతూనే ఉన్నాయి. గాలి మా వైపు తిరిగిన రోజున మధ్యాహ్నమే దీపాలు వేసుకునేవాళ్ళం. ఆరేసిన బట్టల మీద మసి పడేది. అందరికీ కళ్ళు మండేవి, నాకూ మండేవి. అందుకే ఎడమకన్నులో మసక వచ్చి, దీపాల చుట్టూ రంగురంగుల వలయాలు కనిపిస్తే అదీ పొగే అనుకున్నాను. నుదుటి ఎడమ పక్క పోటు మొదలయ్యాక మా ఆవిడ తనకు తెలిసిన సూడాను కంటి డాక్టరును క్యాంటీన్లో పట్టుకుంది. ఆయన జేబులో టార్చితో చూసి, కన్ను వేళ్ళతో నొక్కి, నీటికాసులు అయ్యుండొచ్చన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చస్తుంది, పోయిన చూపు మళ్ళీ రాదు, వెంటనే మిషను మీద పరీక్ష చేయాలి, అందుకు ఆసుపత్రిలో ఫైలు ఉండాలి అన్నాడు. బయట మందుల షాపుల్లో ఆ చుక్కలు అప్పుడు దొరకలేదు. ఇండియా వెళదామంటే, వెంట వచ్చినవాడు ఒంటరిగా వెళితే తిరిగి రావడానికి వీసా ఇస్తామని హామీ లేదన్నారు. ఆమెకు సెలవు లేదు.

సరే, ఫైలు. ఉద్యోగి కుటుంబానికి ఉచిత వైద్యం అని ఒప్పందంలో ఉంది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని రికార్డుల గదికి వెళ్ళాను. నువ్వు ఉద్యోగివి కావు, నీ భార్యను పంపు అన్నారు. ఆమె వెళ్ళింది. ఆడవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగకూడదు, ఇంటి మగవాణ్ణి పంపు అన్నారు. నేను వెళ్ళాను. ఉద్యోగివి కావు అన్నారు. ఇలా ఎన్నిసార్లు తిరిగామో లెక్కపెట్టలేదు. ఎవరెవరు ఏమన్నారో మాత్రం గుర్తుంది.

ఆ గదిలో హైదరాబాదు పాతబస్తీ గుమస్తా ఒకాయన ఉండేవాడు. మంచివాడే. అక్కడ నాతో నవ్వి మాట్లాడింది ఆయనొక్కడే. ఒకరోజు ఫారం నా ముందుకు తోసి చూపించాడు. ఉద్యోగి పేరు, కింద భార్య పేరు, కింద పిల్లలు. అంతే గడులు. భర్త అన్న గడి లేదు.

"ఫారం తయారు చేసినోళ్ళకి లేడీస్ కూడా నౌకరీ చేస్తరని ఖయాల్ రాలేదు భాయ్‌సాబ్. నేనేం చెయ్యాలె?" అన్నాడు.

గడి కొత్తగా గీయమన్నాను. డైరెక్టరు సంతకం కావాలన్నాడు. డైరెక్టరుకు అర్జీ పెట్టాను. అక్కడ వారం శనివారంతో మొదలవుతుంది కాబట్టి ప్రతి శనివారం పొద్దున్నే ఒక అర్జీ, గేటు బయట టైపు మిషనుతో కూర్చునే ముసలాయనతో అరబ్బీలో కొట్టించి ఇచ్చేవాణ్ణి. నాలుగో శనివారం నాకు ఎదురొచ్చి ముసలాయనే అడిగాడు, కొత్తగా ఏమైనా చేర్చాలా, తేదీ మారిస్తే చాలా అని.

నా బాధ చూడలేకో, నా అర్జీలు చూడలేకో, ఒక బుధవారం ఆ గుమస్తా నన్ను పిలిచి ఒక ఆకుపచ్చ కార్డు చేతిలో పెట్టాడు. ఫైలు తయారైందన్నాడు. మా ఆవిడ సంతోషంతో ఆయనకు దండం పెట్టింది. కంటి విభాగానికి మంగళవారం రమ్మని చీటీ కూడా ఇచ్చాడు.

మంగళవారం తలదువ్వుకుని వెళ్ళి మగవాళ్ళ వైపు బెంచీ మీద కూర్చున్నాను. పది దాటింది, పదకొండు దాటింది. గోడ అవతల ఆడవాళ్ళ వైపు నుంచి నా పేరు వినిపించింది. మళ్ళీ పిలిచారు. లేచి అటు వెళితే కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. కార్డు చూపించాను. కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. పక్కనున్న ఇంకో కాపలావాణ్ణి పిలిచి చూపించాడు. ఇద్దరూ నవ్వారు. మగవాళ్ళ కార్డులు నీలం, ఆడవాళ్ళవి ఆకుపచ్చ అని నాకప్పుడు తెలిసింది. గుమస్తా నా పేరు భార్య గడిలో రాశాడు. గడి నిండితే ఫారం కదులుతుంది, కదిలింది. భార్యల ఫైళ్ళన్నీ ఆడవాళ్ళ రికార్డులకు పోతాయి. భార్యల కిటికీ వేరు, మందుల కిటికీ వేరు, డాక్టరును చూసే రోజు వేరు, తలుపు వేరు. ఆ తలుపు నాకు మూసి ఉంది.

మా ఆవిడ లోపలికి వెళ్ళి సూడాను డాక్టరుకు చెప్పింది. ఆడవాళ్ళందరూ వెళ్ళిపోయాక, మధ్యాహ్నం, సామాన్లు తెచ్చే వెనక తలుపు గుండా రమ్మని ఆయన కబురు చేశాడు. మిషను మీద చూస్తానన్నాడు.

వెళ్ళనన్నాను.

ఆ మాట ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా దాన్ని కొట్టేయాలని లేదు. నన్ను పిలిచింది వాళ్ళు. కుటుంబానికి వైద్యం అని రాసింది వాళ్ళు. దొంగలా కూరగాయల బుట్టల పక్కనుంచి దూరి, ఇంకొకరి పెళ్ళాం కార్డు మీద కన్ను చూపించుకునేవాడిలా ఎందుకు వెళ్ళాలి? గుమస్తా దగ్గరికి పోయి తప్పు దిద్దమన్నాను. దిద్దితే నీ ఫైలే పోతుంది, నా నౌకరీ పోతుందన్నాడు. కార్డు ఆయన బల్ల మీద పడేసి వచ్చాను.

ఆసుపత్రిలో ఏసీలు చూసే జగిత్యాల అతను మా క్వార్టర్‌కు శుక్రవారాలు భోజనానికి వచ్చేవాడు. వాడికి ఈ సంగతి తెలిసిన శుక్రవారం పప్పు కలుపుకుంటూ నవ్వాపుకోలేకపోయాడు.

"వదినె నల్లబట్ట ఒకటి కప్పుకొని పోరాదే అన్నా. కండ్లు ఎట్లయినా కనవడుతయ్. డాక్టరు సూసేది గవ్వే గదా."

నేను నవ్వలేదు. మా ఆవిడా నవ్వలేదు. వాడు చెయ్యి ఆపి నిదానంగా అడిగాడు.

"నిజం జెప్పు. నీకు కన్ను కావాల్నా, కాలమ్ కావాల్నా?"

రెండూ కావాలన్నాను. రెండూ నావే కదా.

శనివారం అర్జీలు సాగాయి. ఆరు నెలలు దాటాయి. ఒక్కదానికి జవాబు వచ్చింది. మీ విషయం పరిశీలనలో ఉంది, మీ భార్య ద్వారా సంప్రదించండి అని. ఆ జవాబు వచ్చిన నెలలోనే, చేపల బజారులో నిలబడి ఉండగా ఎడమకంట్లో మేకు దిగినట్టయింది. వాంతయింది. జగిత్యాలవాడే నన్ను వ్యాను వెనక పడుకోబెట్టి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాడు. ఎమర్జెన్సీలో ఫైలు అడగరు. కార్డు రంగు చూడరు. అదే సూడాను డాక్టరు వచ్చి, రెండు కళ్ళకూ చేయాల్సింది చేశాడు. కుడికన్ను దక్కింది. ఎడమకంట్లో చూపు ముక్కు పక్కన చిన్న సందంత మిగిలింది, మిగతాది పోయింది. ఆరు నెలల ముందైతే రెండూ నిలిచేవని ఆయన నాతో అనలేదు. మా ఆవిడతో అన్నాడు. ఆమె నాతో ఒక్కసారే అంది.

"వెనక తలుపే కదండీ. తలుపు ఏదైతే ఏం, లోపల ఉన్నది మిషనేగా."

నేను లేచి ఆమెకు అన్నం వడ్డించాను.

మిగిలిన కన్ను నిలవాలంటే రోజూ రెండుపూటలా చుక్కలు వేయాలి. ఒక్క నెల ఆగినా ప్రమాదం అన్నారు. నెల నెలా మా ఆవిడ సీసా తెచ్చేది. ఎమర్జెన్సీవాళ్ళు ఇస్తున్నారంది. మొదటిసారి ఎవరు రాసిచ్చారని అడిగాను. డాక్టరే అంది. ఆకుపచ్చ కార్డు మీద కాదు కదా అని అడిగాను. కాదంది. నమ్మాను. శనివారం అర్జీలు మాత్రం ఆపలేదు. ముగ్గురు డైరెక్టర్లు మారారు. ప్రతి కొత్తాయనకూ మొదటి నుంచి, మాస్కు దగ్గర నుంచి రాశాను.

ఏళ్ళు గడిచాక ఆమె ఒప్పందం ముగిసింది. ఫైనల్ ఎగ్జిట్, అంటే దేశం వదిలి పోవడానికి ఇచ్చే ఆఖరి వీసా, వేయించుకోవాలంటే ఆసుపత్రిలోని ప్రతి విభాగమూ బాకీ ఏమీ లేదని ముద్ర కొట్టాలి. లైబ్రరీ, క్వార్టర్లు, లాండ్రీ అన్నీ అయ్యాయి. రికార్డుల విభాగం మిగిలింది. కుటుంబ సభ్యుల ఫైళ్ళు మూసి, రోగి సంతకం పెట్టాలట. నా ఫైలు లేదు కదా అన్నాను. ఉందన్నారు. ఆడవాళ్ళ కిటికీ దగ్గర ఉందన్నారు.

మా ఆవిడ వైపు చూశాను. ఆమె నేల చూపులు చూసింది.

నేరుగా ఆడవాళ్ళ కిటికీకి నడిచాను. అక్కడున్న ఆడవాళ్ళు ముసుగులు సర్దుకుని పక్కకు జరిగారు. అది వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకు క్షమాపణ చెప్పాను. కాపలావాడు పరుగున వచ్చాడు. ఇది హరీం వైపు, ఆడవాళ్ళది, అవతలికి పో అన్నాడు. అరబ్బీ నాకు అప్పటికి బాగానే వచ్చు.

"ఈ ఆసుపత్రి లెక్కలో నేను భార్యను. లెక్క తప్పైతే దిద్దండి, ఒప్పైతే నన్నిక్కడ నిలబడనివ్వండి" అన్నాను.

లోపల గుమస్తా ఫైలు తెచ్చి కిటికీలో పెట్టాడు. పాతబస్తీ ఆయన ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఇతను కొత్త కుర్రాడు, సౌదీవాడు. ఫైలు లావుగా ఉంది. తెరిచాను. నెల తర్వాత నెల చుక్కల సీసా పుచ్చుకున్నట్టు సంతకాలు. అన్నీ మా ఆవిడవే. వార్డు డ్యూటీ అయ్యాక, పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్ళతో ఇదే వరసలో ఆమె నిలబడింది. నేను బల్ల మీద పారేసి వచ్చిన కార్డును ఆమె ఆ రోజే వెళ్ళి తెచ్చుకుందట. నా కుడికన్ను ఆ కార్డు మీద బతికింది. అయినా ఆ కార్డు తప్పే. రెండూ నిజం.

కొత్త గుమస్తా మొదటి పేజీ చూసి నొచ్చుకున్నాడు. ఇదేమిటి, ఇలా ఎవరు రాశారు అన్నాడు. పెన్ను తీసి, భార్య అన్నమాట కొట్టేసి, పైన భర్త అని రాసి, పక్కన చిన్న సంతకం చేసి ముద్ర గుద్దాడు. ఎవరినీ అడగలేదు. ఏ డైరెక్టరు గదికీ వెళ్ళలేదు. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

అన్నిటికంటే నేను క్షమించనిది ఆ పెన్ను గీతనే. అది మొదటి శనివారమే గీయగలిగేవాళ్ళు. ఎవరైనా. గీయనిది గీత కష్టమై కాదు, దాని అవసరం నాకు తప్ప ఎవరికీ లేక. ఆ పేజీ జిరాక్సు అడిగి తీసుకున్నాను. ఇప్పటికీ నా దగ్గరుంది.

సంతకం పెట్టి ఆ కాగితాన్ని కుడికంటికి దగ్గరగా పెట్టుకుని చదువుతూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

"ఇంక పదండి" అని వినిపించింది.

మా ఆవిడ అప్పటిదాకా నా ఎడమ పక్కనే నిలబడి ఉంది. ఆమెను చూడటానికి తల పూర్తిగా తిప్పాల్సి వచ్చింది.