డైనోసార్ గుడ్డు కొనడానికి చిక్కపేట వెళ్లిన శనివారం

నోటి దూల కొద్దీ ఏడో తరగతి పిల్లలకు ఒక మాట ఇచ్చి ఇరుక్కున్నాను. బెంగళూరు శివారు వర్తూరులో ఒక చిన్న బడిలో సైన్సు చెబుతాను. చిక్కపేటలోని ఇత్తడి సామాన్ల కొట్లో డైనోసార్ గుడ్డు అమ్మకానికి ఉందని తోటి టీచరు ఫోనులో ఫొటో చూపించింది. బడివాళ్లు కొనడానికి ఒప్పుకున్నారు. సోమవారం మీ చేతుల్లో పెడతానని పిల్లలతో అనేశాను. అన్న మరుక్షణం నుంచే భయం పట్టుకుంది. అది ఉత్త గులకరాయి అయితే? దాని పక్కన నేను రాసిపెట్టే చీటీని ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా నమ్ముతారు. కొనేముందు తెలిసినవాళ్లకు చూపించాలని శనివారం బయలుదేరాను. ఇలాంటి పని పెట్టుకున్నవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ఉదయం ఏడింటికి వర్తూరులో మెజెస్టిక్ బస్సు ఎక్కాను. మామూలు బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్. కాకపోతే దాదాపు రెండు గంటలు పడుతుంది. చెరువు మీద మంచు ఇంకా విడలేదు. కిటికీకి తల ఆనించి సగం నిద్రలోకి జారిపోయాను. ఫ్లైఓవర్ స్తంభాలు ఒక్కొక్కటే కాళ్లెత్తి నడుస్తున్నాయి. మారతహళ్లి దగ్గర ఒక పెద్ద తల్లి జంతువు రోడ్డు దాటడానికి నిలబడితే, మా కండక్టరు దానికి దారి ఇమ్మని విజిల్ వేశాడు. ఎవరూ హారన్ కొట్టలేదు కాబట్టి అది కలేనని తెలిసిపోయింది. మెజెస్టిక్‌లో దిగి, పది రూపాయల టికెట్టుతో ఒక్క స్టేషను మెట్రోలో వెళ్లి చిక్కపేటలో దిగాను.

కొట్టు ఈశ్వరప్పది. తాతల కాలంలోనే బెంగళూరు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం. బిందెల మధ్య, ఒక ఇత్తడి కుదురు మీద, పెద్ద కొబ్బరికాయంత గుడ్డు నిగనిగలాడుతోంది. చూడగానే మనసు లాగేసింది.

"మా నాయన జబల్పూరు నించి పాతిత్తడితో పాటు తెచ్చినాడు మా. అప్పట్నించీ ఈడనే ఉండాది" అన్నాడు ఈశ్వరప్ప.

కాగితమేమైనా ఉందా అని అడిగాను. కొనేముందు రాళ్ల సంగతి తెలిసిన ఒకాయనకు చూపించి తెస్తానన్నాను.

"కాగితం యాడిది? మా నాయన మాటే కాగితం. కోడిగుడ్డు మీద ఈకలు పీకినట్టుండాదే నీ యవ్వారం!"

లోపలి నుంచి ఆయన భార్య సుశీలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "చూపించుకోనీ, తప్పేముండాది? నేనూ పోతా. దాన్ని ఒంటిగా పంపేది లేదు" అంటూ గుడ్డును కుదురుతో సహా గుడ్డసంచిలో పెట్టుకుంది.

స్టేషనులో స్కానరు తెర మీద నల్లటి ముద్ద చూసి, ఏమిటది అని కాపలా మనిషి కన్నడంలో అడిగాడు. "గుడ్డప్పా, కొంచెం పాతది" అని సుశీలమ్మ కూడా కన్నడంలోనే చెప్పింది. వెనక వరుసంతా నవ్వింది. అతను సంచి విప్పి, రాయేనని తట్టి చూసి వదిలేశాడు. నేషనల్ కాలేజీ స్టేషనుకు ఇరవై రూపాయలు. అక్కణ్నుంచి బసవనగుడిలో రాఘవరావు గారి ఇల్లు పది నిమిషాల నడక. బరువు నాలుగు కిలోల పైనే ఉంటుంది, వంతులేసుకుని మోశాం.

రాఘవరావు గారు మా బడిలో ఒక పిల్లకు తాతగారు. రాళ్ల గురించి చదివి, గనుల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. గుడ్డును తువ్వాలు మీద పెట్టి భూతద్దం తీశారు.

"మన బెంగళూరు రాళ్లు డైనోసార్ల కన్నా ఎంతో ముందువి. ఇక్కడే దొరికిందంటే నమ్మేవాణ్ని కాదు. జబల్పూరు వైపంటే చూడాలి" అన్నారు. చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపారు. "మరీ నున్నగా ఉందమ్మా. పెంకు మీద సన్నటి బుడిపెలుండాలి, వాటి మధ్య గాలి ఆడే సందులుండాలి. గుండ్రంగా ఉన్న ప్రతి రాయీ గుడ్డు కాదు."

నా ప్రాణం ఉసూరుమంది. సుశీలమ్మకు మాత్రం పౌరుషం వచ్చింది. "నున్నగుండక ఏమైతాది? ముప్పై ఏండ్లుగా శుక్రవారం శుక్రవారం ఇత్తడితో పాటు నేనే తోముతా ఉండా. చింతపండు, ఉప్పు వేసి!"

ఆయన భూతద్దం కింద పెట్టేశారు. గుడ్డు పెంకంటే సున్నమే. పులుపు తగిలితే సున్నం కరుగుతుంది.

గుడ్డును తిరగేశారు. అది దొర్లకుండా కొట్టువాళ్లు ఎప్పుడో కుదురు చుట్టూ లక్క పోసి అతికించారు. ఆ లక్క ఎండి లేచిపోయింది, మెల్లగా కదిపితే కుదురు ఊడి వచ్చింది. దాని లోపల, చింతపండు ఎన్నడూ తగలనిచోట, చేతి గాజు వెడల్పున గరుకు మిగిలింది. భూతద్దం నా చేతికిచ్చారు. సన్నటి బుడిపెలు, వాటి మధ్య సందులు. ఆ సందుల్లోంచి ఏనాటిదో గాలి లోపలికి వెళ్లి ఉంటుంది. ఎక్కడో వెచ్చటి ఇసుకలో ఒక తల్లి దాన్ని పెట్టి, కాళ్లతో మట్టి కప్పి వెళ్లిపోయింది. ఆ గదిలో ఎంతసేపు వంగి ఉన్నానో తెలియదు.

"అట్లంటే దాని పైతోలు నేనే తోమేసినానాప్పా?" అంది సుశీలమ్మ. ఆమె తన అరచేతులు చూసుకుంటోంది.

"తెలిసి చేశారా అమ్మా" అన్నారాయన నెమ్మదిగా. "నా కంటికి ఇది గుడ్డే. కానీ నా కన్ను రుజువు కాదు. పెంకును పల్చగా కోసి సూక్ష్మదర్శినిలో చూసేవాళ్లు చెప్పాలి. అందాకా అమ్మకండి, కొనకండి. నిజమైనదే అయితే కొట్లో ఉండాల్సింది కాదు, పరిశోధన చేసేవాళ్లకు అప్పజెప్పాలి." ఎవరికి చూపాలో ఉత్తరం కూడా రాసిచ్చారు.

సుశీలమ్మ మొగుడికి ఫోను చేసింది. "అమ్మేది లేదు. ఇచ్చేసేదే." అవతల ఈశ్వరప్ప గొంతు నాకూ వినిపించింది. "సరే రా. కుదురన్నా ఎత్తుకొని రా." తిరుగు మెట్రోలో ఆమె గుడ్డును ఒళ్లో పెట్టుకుని కొంగు కప్పింది. గరుకు భాగం పైకి తిప్పి, దానికి వేలు తగలకుండా పట్టుకుంది. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి తియ్యలేదు.

సోమవారం పిల్లల ముందు ఖాళీ చేతులతో నిలబడి జరిగిందంతా చెప్పాను. నిజంగానే సిగ్గేసింది. మొదట అందరూ మూతి ముడుచుకున్నారు. కానీ గంట కొట్టినా ఎవరూ లేవలేదు. గుడ్డు ఎంత పెద్దదని గానీ, లోపల పిల్ల ఉందా అని గానీ అడుగుతారనుకున్నాను. ముందు బెంచీ అమ్మాయి మాత్రం "మిస్, ఆ అవ్వను మన బడికి పిలుద్దామా?" అంది. వాళ్ల చేతుల్లో నేను పెట్టాలనుకున్నది బహుశా ఇదేనేమో. వచ్చే శుక్రవారం సుశీలమ్మ వస్తానంది.

ఇక మీకొక్క సలహా. శిలాజమని ఎవరైనా ఏదైనా అమ్మజూపితే, ఎక్కణ్నుంచి వచ్చిందో అడగండి, ఇన్నాళ్లూ దేనితో కడిగారో కూడా అడగండి. మీ చేతికొస్తే మాత్రం ఎంత ముద్దొచ్చినా తుడవకండి.