పక్క బల్ల మీద వాలే గుర్రం

నా చిన్నప్పుడు వారమంతా ఆదివారం కోసమే ఎదురుచూసేదాన్ని. అన్నయ్య నందిగామలో హాస్టల్లో ఉండి చదివేవాడు. శనివారం సాయంత్రం బస్సెక్కి జగ్గయ్యపేట వచ్చేవాడు. మరునాడు ఆరాధన అయ్యాక ప్రార్థన మందిరం వరండాలో జంట చదరంగం ఆడేవాళ్లం. రెండు బల్లలు, ఇద్దరేసి ఒక జట్టు. అన్నయ్యవి తెల్లపావులు, పక్క బల్ల మీద నావి నల్లపావులు. ఈ ఆటలో చచ్చిన పావు ఊరికే పోదు. చంపినవాడు దాన్ని తన జతగాడికిస్తాడు. అతను తన బల్ల మీద ఖాళీ గడి చూసి దాన్ని దించుతాడు.

ఆట మొదట్లోనే గుర్రాన్ని బలిచ్చి, అవతలి రాజును బయటికి లాగడం అన్నయ్యకు ఇష్టం. పిల్లలంతా అతని చుట్టూ మూగి మెచ్చుకునేవాళ్లు. కాసేపటికి ఆ గుర్రమే నా ఎదుటివాడి చేతికి వచ్చి, నా రాజు పక్కన వాలేది. అన్నయ్య దాడి ముగిసేలోపే నా ఆట కట్టు. నా బల్ల దగ్గర చూసేవాళ్లెవరూ ఉండేవాళ్లు కాదు. జట్టును ఓడించింది మాత్రం నేనేనని అందరూ అనేవాళ్లు.

ఒక ఆదివారం అన్నయ్య, ఇంకొక్కసారి ఓడితే వేరేవాణ్ణి జత చేసుకుంటానన్నాడు. అమ్మ లేని ఇల్లు మాది. వారానికి ఒక్కసారి అన్నయ్య నా పక్కన కూర్చునేది ఆ ఆట కోసమే. నేను పావులు సర్దుతూ తల వంచుకున్నాను.

సంఘ పెద్ద అయిన మా తాతయ్య చాపలు చుడుతూ ఆ మాట విన్నారు. అన్నయ్యను నా చోట కూర్చోమని, అన్నయ్య చోట తాను కూర్చున్నారు. అచ్చం అన్నయ్యలాగే గుర్రాన్ని బలిచ్చారు. అది అన్నయ్య రాజు నెత్తిన వాలింది.

"తాతయ్యా, ఇచ్చేముందు ఒక్క మాట అడగొద్దా? ఇక్కడ నా కొంప మునిగింది."

"అడగాలా? మీ చెల్లిని ఎప్పుడన్నా అడిగావంట్రా?"

అన్నయ్య నవ్వబోయి ఆగిపోయాడు. తాతయ్య మళ్లీ చాపలు చుట్టుకుంటూ, బైబిల్లో కొడుకును బలివ్వడానికి కొండకు బయలుదేరిన తండ్రి విశ్వాసం గురించి మనమంతా ప్రసంగిస్తాం, ఆ బలికి కట్టెల మోపు మోసింది మాత్రం కొడుకేనన్నారు.

తర్వాతి ఆటలో అన్నయ్య గుర్రం మీద చెయ్యి పెట్టి నా వైపు తిరిగాడు.

"ఏమే, ఇవ్వనా?"

"ఆగన్నయ్యా. నా రాజు ఇంకా నడి బల్ల మీదే ఉన్నాడు."

ఆగాడు. నా రాజు ఏనుగు చాటుకు చేరాక ఇచ్చాడు. ఆ ఆట కూడా ఓడిపోయాం. పై ఆదివారం అన్నయ్య వచ్చి, ఎవరినీ పిలవకుండా నా పక్కనే కూర్చున్నాడు.

ఏళ్లు గడిచాయి. అన్నయ్య ప్రభువు సన్నిధికి వెళ్లిపోయాడు. ఇప్పుడు మందిరంలో బెంచీ చివర నేనొక్కదాన్నే కూర్చుంటాను. ఉపవాసమైనా, కానుకైనా, నాదనుకున్నది ఏదిచ్చినా, దాని బరువు ఎవరి మీద పడుతుందోనని ముందుగా పక్కకు తిరిగి చూస్తాను. అక్కడ ఎవరూ ఉండరు. అయినా అడుగుతాను, ఇవ్వనా అని. ఆగమన్నట్టు మనసుకు తోస్తే, చెయ్యి వెనక్కి తీసుకుంటాను.